తల ఊపిన పిల్లాడు

కయిటారె సైకిలుకి బ్రేకుల్లేవు. ఆ కొండల్లో సైకిళ్ళ మీద అరటిగెలలు మోసేవాళ్ళలో సగం మందికి ఉండవు. వెనక నాలుగు గెలలు, పక్కలకి చెరొకటి కట్టుకుని ఏటవాలు దిగేటప్పుడు కుడికాలి చెప్పు వెనక చక్రానికి ఆనించి అదుముతారు. చెప్పు పాత లారీ టైరు ముక్కతో చేసింది. కాలు కాలదు గానీ కంపు మాత్రం ఒంటికి పట్టేస్తుంది. ఇరవై ఒక్కేళ్ళ కయిటారె దగ్గర ఎప్పుడూ ఆ రబ్బరు కంపే.

మంగళవారం పొద్దున అతను దిగుతుంటే పైనుంచి ఫెబ్రోనియా అత్త కేక వేసింది.

"ఒరేయ్ కయిటారే! ఆగరా!"

"ఆగితే గెలలతో సహా దొర్లుతానత్తా! నువ్వే కిందికి రా!"

"నా మోకాళ్ళు నీకు తెలుసు కదరా వెధవా!"

ఆమె తిట్టుకుంటూనే దిగింది. ఫెబ్రోనియా అతనికి రక్తసంబంధం ఉన్న అత్త కాదు. తొంభై నాలుగు ఏప్రిల్లో ఆ కొండ మీద హుటూ మూకలు టుట్సీ తెగవాళ్ళను వేటాడినప్పుడు ఆమె మొగుడూ ఆరుగురు పిల్లలూ పోయారు. కయిటారెకి అమ్మానాన్నా, చెల్లీ పోయారు. మిగిలిన ఇద్దరూ ఒకరికొకరు అత్తా అల్లుడూ అయ్యారు, అంతే. బతికి బయటపడ్డవాళ్ళ సంఘానికి ఆ కొండ మీద ఆమే పెద్ద.

"గురువారం ఊరి కోర్టులో సెబుహోరో వంతు వచ్చింది," అంది రొప్పుతూ. "స్నానం చేసి రా. పోయినసారి నీ కంపుకి న్యాయపెద్దలు ముక్కులు మూసుకున్నారు. పుస్తకం నేను తెస్తాను. నువ్వు తెస్తే అరటిజిగురు అంటిస్తావు."

కయిటారె సైకిలుని ఒంటికి ఆనించి పట్టుకుని నిలబడ్డాడు.

"ఇంకో సంగతి. ఒప్పుకున్నాడట్రా!"

"ఎవరు?"

"ఎవరేంటి, సెబుహోరో! జైల్లో కాగితం రాసిచ్చాడట. గుంటలో పిల్లలున్నారని మూకకి నేనే చెప్పాను, క్షమించండి అని. నీ పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు ఒప్పుకున్నాడు. పన్నెండేళ్ళకి దేవుడు కళ్ళు తెరిచాడు." ఆమె అతని చెంప నిమిరింది. "ఏంట్రా అలా చూస్తావు? సంతోషంగా లేదూ?"

ఆ పిల్లల్లో ఒకడు కయిటారే. సెబుహోరో ఎవరికీ ఏమీ చెప్పలేదని ఈ భూమ్మీద ఖాయంగా తెలిసినవాడూ కయిటారే. చెయ్యని పనిని ఆ మనిషి చేశానని ఎందుకు ఒప్పుకున్నాడో అతనికి అర్థం కాలేదు. "సంతోషమే అత్తా," అన్నాడు. సైకిలు వదిలాడు. ఆ పూట చెప్పు సరిగ్గా అదమలేక మలుపులో కంచెకి గుద్దుకుని రెండు గెలలు చితక్కొట్టుకున్నాడు.

జరిగింది ఇదీ.

కయిటారె వాళ్ళ పక్కింటి మనిషి సెబుహోరో. హుటూ. ఇప్పుడు ఆ మాటలు పైకి అనకూడదు, అప్పుడు మాత్రం అందరూ అనేవాళ్ళు. కయిటారె నాన్న అతనికి ఒక పెయ్యదూడని ఇచ్చాడు. ఆ దేశంలో ఒక మనిషి ఇంకొకడికి ఆవునిచ్చాడంటే ఇక వాళ్ళు ఒకరి మీద ఒకరు చెయ్యెత్తకూడదు. సెబుహోరో ఆ మాట నిలబెట్టుకున్నాడు. మూక ఇంటి మీద పడ్డ రోజున కంచె కింద నుంచి పారిపోయి వచ్చిన తొమ్మిదేళ్ళ కయిటారెనీ, ఐదేళ్ళ చెల్లెలు కంటెంగ్వానీ తన అరటితోటలో గుంటలోకి దింపాడు. సారాకి అరటికాయలు మగ్గబెట్టే గుంట అది. నడుం లోతు ఉంటుంది. అడుగున అరటిపట్టలు, పైన కర్రలు, ఆకులు, మట్టి. ఏ ఇంటి తోటలో చూసినా ఒకటి ఉంటుంది కాబట్టి ఎవరూ దాన్ని పట్టించుకోరు.

రోజూ తెల్లవారగానే సెబుహోరో వచ్చి ఉడకబెట్టిన చిలగడదుంపలు లోపలికి జారవిడిచేవాడు. "నోరెత్తకండి," అనేవాడు. ఆ తర్వాత కర్ర భుజాన వేసుకుని పారిపోయే టుట్సీలను ఆపడానికి దారికి అడ్డంగా పెట్టిన దుంగ దగ్గరికి కాపలాకి పోయేవాడు. మగాళ్ళందరూ పోవాల్సిందే. పోనివాణ్ణి మర్నాడు అదే దుంగ దగ్గర నరికి పడేసేవాళ్ళు. అక్కడ అతను ఏం చేశాడో, ఏం చెయ్యలేదో పిల్లలకి తెలీదు.

ఆరో రోజున కంటెంగ్వా పాలు కావాలని మొదలుపెట్టింది. ఏడ్చేది కాదు. ఊరికే పెదాలు కదిపేది. అదే సమయంలో కయిటారెకి పైన తోటలో బిహోగో అరుపు వినిపించింది. బిహోగో వాళ్ళ నాన్న మందలో ఎర్రావు. మిగతావాటిని మూకవాళ్ళు తోలుకుపోయి కోసుకు తిన్నారు. ఇది ఎలాగో తప్పించుకుంది. పితికేవాళ్ళు లేక పొదుగు రాయిలా గట్టిపడి, నొప్పికి అరుస్తూ తిరుగుతోంది. ఆ అరుపు ఎలాంటిదో ఆవుల మధ్య పుట్టిన పిల్లాడికి చెప్పనక్కర్లేదు. వాడు ఆకులు పక్కకి నెట్టి, వాళ్ళ నాన్న నేర్పినట్టు నాలుక కింద నుంచి సన్నగా ఈల వేసి, పేరు పెట్టి పిలిచాడు. మరొక పిల్లాడైతే నోరు మూసుకునేవాడేమో. కాపరి కొడుక్కి, నొప్పితో అరిచే సొంత ఆవుని పిలవకుండా ఉండటం చేతకాదు.

బిహోగో వచ్చింది. వాడు అరటిపట్ట మడిచి దొన్నె చేసి పాలు పితికాడు. కంటెంగ్వా తాగింది. మూతికి అంటుకున్న నురగ తుడుచుకుని నవ్వింది కూడా. ఆ నవ్వుకి వాడు చాలా గొప్పవాణ్ణనుకున్నాడు.

మర్నాడు ఆవు పిలవకుండానే వచ్చింది. ఎనిమిదో రోజు పొద్దుటి నుంచీ గుంట పక్కనే నిలబడింది. పొమ్మని మట్టిబెడ్డలు విసిరాడు. నాలుగడుగులు వేసి మళ్ళీ వచ్చింది. అప్పుడు వాడికి భయమేసింది. చెల్లెలి మీద ఆకులు కప్పి, ఇక్కడే ఉండు, దీన్ని లోయలో వదిలేసి వస్తానని చెప్పి, ఆవు మెడ పట్టుకుని కిందనున్న చిత్తడి దాకా నడిపించాడు. జమ్ములోకి దిగి ఉండగానే పైన మనుషుల గొంతులు వినబడ్డాయి. వాళ్ళు పిల్లల కోసం రాలేదు. మాంసం కోసం ఆవుని వెతుక్కుంటూ వచ్చారు. మెత్తటి తోటమట్టిలో మూడు రోజుల గిట్టల గుర్తులన్నీ గుంట చుట్టూనే ఉన్నాయి.

కంటెంగ్వా రెండుసార్లు "అన్నా" అని పిలిచింది. కయిటారె జమ్ములో మెడ దాకా నీళ్ళలో కూర్చుని పలకలేదు.

జూలైలో మూకల్ని తరిమిన సైనికులు అతన్ని ఆ చిత్తడి అవతల నుంచి తీశారు. అనాథల బడిలో పెట్టారు. ఏడాది తర్వాత అక్కడికి ఒక మంచావిడ నోటు పుస్తకం పట్టుకుని వచ్చింది. పిల్లల కథలన్నీ రాసుకుంటోంది. కయిటారెకి బిస్కెట్టు ఇచ్చి పక్కన కూర్చోబెట్టుకుంది. గుంట దాకా అంతా చెప్పాడు. ఆవు దగ్గర ఆగిపోయాడు.

"మరి వాళ్ళకి ఎవరు చెప్పారు నాన్నా, మీరక్కడ ఉన్నారని?"

వాడు బిస్కెట్టు వైపు చూస్తూ కూర్చున్నాడు.

"ఆ ఇంటాయనా?"

తల ఊపాడు. అంతే. ఒక్క మాట కూడా అనలేదు. ఆవిడ "పాపం" అని రాసుకుంది.

ఆ తల ఊపడం అచ్చయింది. సంఘంవాళ్ళు వేసిన సన్నటి పుస్తకంలో నలభై ఒకటో పేజీ అది. పక్కన పెద్ద చెవులతో పదేళ్ళ కయిటారె ఫోటో. దాన్ని బట్టి పోలీసులు సెబుహోరోని పొలంలో పట్టుకుపోయారు. విచారణకి కోర్టులు చాలక పదేళ్ళు జైల్లో ఉంచారు. చివరికి ప్రభుత్వమే గడ్డి మీద కూర్చుని తీర్పు చెప్పే గచాచా కోర్టులు పెట్టింది. గురువారం వస్తే పొలం పనీ కొట్టూ అన్నీ ఆపేసి ఊరంతా వచ్చి గడ్డి మీద కూర్చోవాలి. ఊళ్ళోవాళ్ళే న్యాయపెద్దలు.

ఈలోగా కయిటారె ఏటా ఏప్రిల్లో సంస్మరణ సభలో ఆ పేజీ చదివేవాడు. మొదటి ఏడాది నిజం చెప్పేద్దామనుకున్నాడు. జనం ఏడుస్తున్నారు, ఫెబ్రోనియా అత్త గట్టిగా పట్టుకుంది, చెప్పలేదు. రెండో ఏడాది మొదటి ఏడాది చెప్పలేదు కాబట్టి చెప్పలేదు. ఆ తర్వాత గొంతుకి అలవాటైపోయింది. ఏ వాక్యం దగ్గర ఆగాలో కూడా తెలుసు. సిగ్గు లేకుండా చెప్పాలంటే, అతను బాగా చదివేవాడు.

విచారణ ఉన్న ఖైదీలను ముందురోజే ఊరి ఠాణా కొట్టడికి తెస్తారు. బుధవారం కయిటారె సైకిలు ఇంట్లో పడేసి అక్కడికి నడిచి వెళ్ళాడు.

కొట్టడి ముందు వసారాలో గులాబీరంగు ఖైదీ బట్టల్లో ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. యాభై రెండేళ్ళకి డెబ్భై ఏళ్ళవాడిలా ఉన్నాడు. ఎదురుగా అతని భార్య డఫ్రోజా చిక్కుడుగింజల గిన్నె మూత తీసి పెట్టింది. సెబుహోరో ముఖం పక్కకి తిప్పుకుని గిన్నె అందుకున్నాడు. ఆమెతో ఒక్క మాట లేదు. ఆమె కూడా ఏమీ అనకుండా బిందె తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్ళింది. ఏళ్ళ తరబడి అదే పని చేస్తున్నవాళ్ళలా ఉన్నారు.

"వచ్చావా," అన్నాడు సెబుహోరో కయిటారెని చూసి. "మీ నాన్న చెవులే. ఈ చెవులు పిల్లాడికి రాకుండా ఉంటే బావుణ్ణని అనేవాణ్ణి వాడితో. వాడికి కోపం వచ్చేది."

కయిటారె చతికిలబడ్డాడు. ఏం మాట్లాడాలో దారంతా అనుకుంటూ వచ్చాడు. ఒక్కటీ గుర్తు రాలేదు.

"ఎందుకు ఒప్పుకున్నావు బాబాయ్? నువ్వు చెప్పలేదు కదా."

ముసలాయన గింజలు నములుతూ ఆగాడు. "నేను చెప్పలేదని నీకెలా తెలుసు?"

అప్పుడు చెప్పాడు. పాల సంగతి, ఈల సంగతి, గిట్టల గుర్తులు, బిస్కెట్టు, తల ఊపడం. చెబుతున్నంతసేపూ సిమెంటు గచ్చు మీద గోరుతో గీస్తూనే ఉన్నాడు.

"ఆవా?" అన్నాడు సెబుహోరో.

"ఆవు."

"మీ నాన్న ఎర్రావా? పొడుగు కొమ్ములదా?"

"అదే."

ముసలాయన గిన్నె కింద పెట్టేశాడు. కొట్టడమో తిట్టడమో చేస్తాడని కయిటారె ఎదురు చూశాడు. నిజానికి దాని కోసమే వచ్చాడు. సెబుహోరో మాత్రం కుళాయి దగ్గర వంగి బిందె నింపుతున్న పెళ్ళాం వైపు చూస్తూ ఉండిపోయాడు.

"నేను అదే చెప్పిందనుకున్నానురా," అన్నాడు.

"ఎవరు? పిన్నా?"

"ముందురోజు నాతో పెద్ద పోట్లాట. పిల్లల్ని పంపించెయ్యి, లేకపోతే మన పిల్లల్నీ నరుకుతారు అని. మర్నాడు నేను దుంగ దగ్గరున్నప్పుడు వాళ్ళు మన తోటలోకి వచ్చారు. ఏమనుకోమంటావు నన్ను?"

"అడగలేదా మరి?"

"అడిగితే అవునంటే?"

కయిటారె గచ్చు మీద గోటిగీత ఇంకొంచెం పొడిగించాడు.

"పదేళ్ళుగా శుక్రవారం శుక్రవారం మూడు గంటలు నడిచి వస్తోంది. నేను గిన్నె తీసుకుంటాను. ఖాళీ గిన్నె ఇచ్చేస్తాను. అంతే మా కాపురం." ముక్కు చీది గోడకి రాసుకున్నాడు. "ఒప్పుకోలు రాసేటప్పుడు చదువుకున్న ఖైదీలు చెప్పారు. నీ కాగితానికీ ఆ పిల్లాడి పుస్తకానికీ పొంతన కుదరకపోతే కాగితం చెల్లదన్నారు. సరే, రాయమన్నాను. నేనని రాస్తే ఇక ఎవరూ దాని జోలికి పోరు కదా అని కూడా అనుకున్నాను."

"రేపు నిజం చెప్పేస్తాను బాబాయ్. అందరి ముందూ."

"చెప్పకు."

"అదేంటి?"

"తలకాయ ఉందా నీకు? రేపు నా కాగితంలో ఒక్క మాట అబద్ధమని తేలితే మొత్తం చించేస్తారు. దుంగ దగ్గర కర్ర పట్టుకుని నిలబడ్డ మాట నిజమే కదా? ఒప్పుకోలు లేకుండా దానికి ఇంకో పదిహేనేళ్ళు వేస్తారు. నువ్వు నోరు మూసుకున్నావనుకో, శిక్ష సగం, అదీ గడిచిపోయింది. రేపు మధ్యాహ్నానికి నా గుమ్మంలో ఉంటాను."

"కానీ నువ్వు చెయ్యని పని కదా…"

"చేసినవీ ఉన్నాయిలే. వాటి బదులు ఇదనుకో." గొంతు తగ్గించాడు. "ఒరే అబ్బాయ్, నీకు బరువు దింపుకోవాలని ఉంది. నాకు ఇంటికి వెళ్ళాలని ఉంది. నువ్వు తల ఊపి నన్ను లోపల పెట్టావు. రేపు దాన్ని కదపకుండా కూర్చో. నేను అడిగేది అంతే."

డఫ్రోజా బిందెతో వచ్చింది. "ఏంటి గుసగుసలు?" అంది. సెబుహోరో గిన్నె ఎత్తి ఇచ్చాడు. ఈసారి ఆమె ముఖంలోకి చూసి, "ఉప్పు సరిపోయింది," అన్నాడు. ఆమె బిత్తరపోయి గిన్నె వైపు చూసుకుంది.

గురువారం కయిటారె స్నానం చేశాడు. ఉన్న ఒక్క తెల్లచొక్కా వేసుకున్నాడు. దారిలో వంద సార్లు ఒకటే లెక్క వేసుకున్నాడు. చెబితే ముసలాయన జైలుకి. చెప్పకపోతే ముసలాయన ఇంటికి, పసిపిల్లని పట్టిచ్చినవాడన్న పేరుతో. రెండింట్లోనూ తనకి మాత్రం ఏమీ కాదు. ఊరు చేరేసరికి మాట్లాడకూడదనే నిశ్చయించుకున్నాడు. ఆ మనిషి అడిగింది అదొక్కటే కదా.

నీలగిరి చెట్ల కింద బల్ల. భుజాల మీద పట్టీలతో తొమ్మిదిమంది న్యాయపెద్దలు. మధ్యలో అధ్యక్షురాలు, ఊరి బడి టీచరమ్మ. గడ్డి మీద రెండు మూడు వందల మంది. పసిపిల్లలు, గొడుగులు, ఒడిలో చిక్కుడుకాయలు వేసుకుని వలిచేవాళ్ళు. ఫెబ్రోనియా అత్త పుస్తకాన్ని గుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని ముందు వరసలో కూర్చుంది. డఫ్రోజా ఎవరితోనూ కలవకుండా ఒక పక్కగా ఉంది.

అధ్యక్షురాలు కాగితం చదివింది. దుంగ దగ్గర కాపలా కాశాను. కర్ర పట్టుకున్నాను. ఇంకా ఏవేవో. తర్వాత, "గుంటలో పిల్లలున్న సంగతి మూకకి నేనే చెప్పాను. దేవుణ్ణీ, దేశాన్నీ, ఆ కుటుంబాన్నీ క్షమాపణ కోరుతున్నాను."

జనం 'హా' అన్నారు. కయిటారె చూపు ఎందుకో డఫ్రోజా మీదికి పోయింది. ఆమె నోరు తెరుచుకుని ఉండిపోయింది. పదేళ్ళుగా ఊరంతా పట్టించినవాడి పెళ్ళామని వెనకాల అంటుంటే, మా ఆయన ఆ పని చెయ్యడు, మీరేమన్నా అనుకోండి అని ముఖం మీదే చెప్పిన మనిషి. ఆ నమ్మకంతోనే మూడు గంటల దారి నడిచిన మనిషి. మెల్లగా పైట అంచు ఎత్తి తల కప్పేసుకుంది. చావు ఇంట్లో కప్పుకున్నట్టు.

"కయిటారె," అని పిలిచింది అధ్యక్షురాలు. "నీ పుస్తకంలో ఉన్నదీ, ఇతను ఒప్పుకున్నదీ ఒకటేనా?"

అవునంటే అయిపోయేది.

"కాదు," అన్నాడు కయిటారె.

ఫెబ్రోనియా అత్త చప్పున తలెత్తింది.

చెప్పాడు. అలవాటైన పేజీ కాదు కాబట్టి ముక్కలు ముక్కలుగా వచ్చింది. ఆవుని నేనే పిలిచాను, ఆవు కోసం వచ్చారు, పుస్తకంలో ఉన్నది నేను అనలేదు, ఊరికే తల ఊపాను. "సెబుహోరో బాబాయ్ చెప్పలేదు. పిన్నీ చెప్పలేదు, ఆయన అనుకున్నట్టు పిన్ని చెప్పలేదు."

ఆ చివరి మాట అక్కర్లేదు. ఎవరూ పిన్ని గురించి అడగలేదు. నోరు జారింది.

తర్వాత వెనక వరసలోంచి ఎవరో, "ఎన్ని సీసాలు పోయించార్రా నీకు?" అన్నారు. ఇంకొకడు, "ఆవుని పిలిపించండి టీచరమ్మా, అది కూడా సాక్ష్యం చెబుతుంది!" అన్నాడు. నవ్వులు.

"నోళ్ళు ముయ్యండి!" ఫెబ్రోనియా అత్త లేచింది. కోపం కాదు, ఏడుస్తోంది. "వీడికి ఒంట్లో బాగాలేదు. మాకు అప్పుడప్పుడూ ఇలా అవుతుంది, మీకేం తెలుసు? చచ్చినవాళ్ళ చావు తమ వల్లేననిపిస్తుంది. నాకూ అనిపిస్తుంది! ఆ పూట పిల్లల్ని చర్చికి కాకుండా అడవికి పంపి ఉంటే అని రోజూ అనిపిస్తుంది! కూర్చోరా నాన్నా, కూర్చో."

"నాకు బాగానే ఉందత్తా. నిజమే చెబుతున్నాను."

ఏప్రిల్ సభల్లో సొమ్మసిల్లినవాళ్ళకి నీళ్ళిచ్చే ఆడపిల్ల ఒకతి వచ్చి అతని భుజం పట్టుకుంది. అధ్యక్షురాలు సెబుహోరో వైపు తిరిగింది.

"నువ్వేమంటావు? ఇతను చెప్పింది నిజమా, నీ కాగితం నిజమా?"

ముసలాయన లేచి నిలబడ్డాడు. గులాబీరంగు నిక్కరు పైకి లాక్కున్నాడు. కయిటారె వైపు చూడలేదు.

"తొమ్మిదేళ్ళ పిల్లాడమ్మా అప్పుడు. వాడికేం తెలుసు? భయంతో తల చెదిరింది. మూకకి నేనే చెప్పాను."

"నేనే చెప్పాను," అని మళ్ళీ అన్నాడు, అడక్కపోయినా.

పెద్దలు చెట్ల వెనక్కి వెళ్ళి వచ్చారు. ఒప్పుకోలు చెల్లింది. పడ్డ శిక్షకి గడిపిన జైలు చాలు. మిగిలిన రెండేళ్ళు వారానికి మూడు రోజులు రోడ్డు పనికి రావాలి. ఇంటికి పోవచ్చు. కయిటారె మాటలు రాసుకున్నారో లేదో తెలియదు. ఫెబ్రోనియా అత్త అతని చెయ్యి పట్టుకుని, "రేపు నిన్ను పట్నం డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను," అంది.

డఫ్రోజా అప్పటికే వెళ్ళిపోయింది.

కయిటారె అత్త చెయ్యి విడిపించుకుని సెబుహోరో ఇంటికి వెళ్ళేసరికి పొద్దు ఇంకా నడినెత్తి దిగలేదు. ముసలాయన వాకిట్లో నేల మీద కూర్చుని ఉన్నాడు. ముందర ఉడకబెట్టిన అరటికాయల పళ్ళెం. ఇంటి తలుపు మూసి ఉంది.

"లోపలికి రానివ్వలేదు," అన్నాడు సెబుహోరో. "కూడు మాత్రం బయట పెట్టింది. జైల్లో కూడా ఇంతే మర్యాద." నవ్వబోయాడు, కుదరలేదు. "నువ్వు ఆ ఒక్క ముక్క మింగేసి ఉంటే సరిపోయేది కదరా."

"తప్పయింది బాబాయ్."

తలుపు తెరుచుకుంది. డఫ్రోజా గుమ్మంలో నిలబడింది.

"పిన్నీ, తప్పంతా నాది. ఆయన్ని లోపలికి రానీ. నన్ను తిట్టు."

"నిన్నెందుకు తిట్టాలి? తొమ్మిదేళ్ళవాడివి, చెల్లెలికి ఆకలేస్తే ఆవుని పిలిచావు. నలభై ఏళ్ళ మగాడు నోరు తెరిచి పెళ్ళాన్ని ఒక్క మాట అడగలేకపోయాడు. నన్నా అనుమానించింది? నా మీద జాలిపడి నా నేరం నెత్తినేసుకున్నాడట, మహానుభావుడు! గిన్నె అందుకునేటప్పుడు ముఖం తిప్పుకుంటుంటే సిగ్గుపడుతున్నాడనుకున్నాను. జైల్లో ఉన్నాడు కదా, సిగ్గు అనుకున్నాను."

"తల ఊపింది తొమ్మిదేళ్ళప్పుడు కాదు పిన్నీ. పదేళ్ళు నిండాయి. ఆ తర్వాత ఏటా చదివాను. పోయిన ఏప్రిల్లో కూడా చదివాను. ఇరవై ఏళ్ళవాణ్ణి."

"అది వేరు," అంది. "అది నీదే. దానికి నా దగ్గర తిట్టు లేదు, క్షమాపణా లేదు. నీ దగ్గరే ఉంచుకో."

కయిటారె తల దించుకున్నాడు. మూడు రోజులుగా అతనికి కావలసింది ఎవరైనా ఆ మాట అనడమే. అన్నాక అది ఏ మాత్రం తేలికగా లేదు.

సెబుహోరో పళ్ళెం పక్కకి జరిపాడు. "ఆ రోజు…" అని ఆగాడు. మళ్ళీ, "ఆ రోజు వాళ్ళు తోటలోకి వచ్చినప్పుడు నువ్వెక్కడున్నావు?"

పన్నెండేళ్ళలో అతను ఆమెని అడిగిన మొదటి ప్రశ్న అది.

డఫ్రోజా గుమ్మానికి ఆనుకుంది. "ఇంట్లో. మన పిల్లల్ని మంచం కిందకి తోసి తలుపు గడియ పెట్టుకున్నాను. బయట ఏమవుతోందో తెలుసు. గడియ తియ్యలేదు." కయిటారె వైపు తిరిగింది. "నేను చెప్పలేదు అబ్బాయ్. కానీ తలుపు తియ్యలేదు. ఇప్పుడు మీ ఇద్దరూ నాకేమైనా శిక్ష వేస్తారేమో వెయ్యండి."

కయిటారె లేవబోయాడు. ఇది మొగుడూ పెళ్ళాల సంగతి, తను ఉండకూడదనిపించింది.

"ఎక్కడికి? కూర్చో," అంది డఫ్రోజా. "ఈయన ఇంకా అడగాల్సినవి ఉన్నాయి. దుంగ దగ్గర ఏం చేశాడో నేను అడగాల్సినవీ ఉన్నాయి. ఆ పిల్ల తరఫున వినడానికి నువ్వొక్కడివే మిగిలావు."

ఆమె వచ్చి వాకిట్లో వాళ్ళెదురుగా నేల మీద కూర్చుంది. సెబుహోరో గొంతు సవరించుకున్నాడు. కయిటారె కూర్చున్నాడు.